షెడ్యూలింగ్ అని రాసిన చోట

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఒక తెలుగు మాటకి నేను ఒక మనిషికి తప్పు అర్థం చెప్పాను. తెలిసే చెప్పాను.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు క్లబ్‌హౌస్‌లో మా సేవా క్లబ్ నెలకో ఆదివారం మధ్యాహ్నం కలుస్తుంది. రెండేళ్ళ కిందట అలాంటి ఒక ఆదివారం, మీటింగ్ మొదలవడానికి ఇంకా పది నిమిషాలుంది. అంకుల్స్ టీ ఫ్లాస్కు చుట్టూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను పక్కనే పేపర్ కప్పులు సర్దుతున్నాను. మా డ్రైవర్లలో ఒకావిడ, నల్లజాతి స్త్రీ, అరవై దాటినావిడ, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"బేబీ, మీవాళ్ళు ఎప్పుడూ ఒక మాట అంటుంటారు. నల్లోళ్ళు. అంటే ఏంటి?"

మా అమ్మది కరీంనగర్ వైపు. మా ఇంట్లో నీళ్ళ కొళాయిని నల్లా అంటాం. ఆ క్షణంలో నాకు దొరికింది అదొక్కటే.

"ప్లంబర్లు మ్యామ్," అన్నాను. "నల్లా అంటే ట్యాప్. ట్యాపులు బాగు చేసేవాళ్ళు."

"ఓ," అన్నారు. నింపాదిగా టీ పోసుకున్నారు. "అయితే మీ ఇళ్ళల్లో పైపులన్నీ పాడైనట్టున్నాయి."

నేను నవ్వాను. ఆవిడ నవ్వారో లేదో చూడలేదు. కప్పులు సర్దడం అయిపోయినా మళ్ళీ సర్దుతూనే ఉన్నాను.

క్లబ్ సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళ కిందట ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి పెట్టాయి. పండగలు చేయం, పాటల పోటీలు పెట్టం. కారు నడపలేని పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళి మళ్ళీ ఇంటికి చేర్చడమే మా పని. ఈ చుట్టుపక్కల కారు లేని మనిషికి కాళ్ళు లేనట్టే. కంటి పరీక్షలు, డయాలసిస్, ఫిజియోథెరపీ, ఎవరు ఫోన్ చేసినా వెళ్తాం. వాళ్ళలో తెల్లవాళ్ళున్నారు, నల్లవాళ్ళున్నారు, స్పానిష్ తప్ప ఇంకేదీ రానివాళ్ళున్నారు, కొడుకుల దగ్గరికీ కూతుళ్ళ దగ్గరికీ వచ్చిన మన తాతగార్లూ మామ్మలూ ఉన్నారు. సభ్యత్వం ఎవరికైనా ఇస్తామని మా నియమావళి మొదటి పేజీలోనే ఉంది. ఆ పేజీ చదివి, నమ్మి, వచ్చి చేరిన మొదటి బయటి మనిషి ఆవిడ.

నన్ను సెక్రటరీని చేసింది మా ప్రెసిడెంట్ అంకుల్. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, పక్కనే ఒక ల్యాబ్‌లో కొత్తగా ఉద్యోగం. "అమ్మాయి మాట్లాడదు, రాస్తుంది. సెక్రటరీకి ఇంకేం కావాలి చెల్లెమ్మా?" అని మా అమ్మతో అన్నారు. ఆ మాట నిజమే. ఎనిమిదో ఏట ఈ దేశం వచ్చాను. పన్నెండో ఏట డైరీ మొదలుపెట్టాను, తెలుగులో. స్కూల్ బస్సులో పక్క సీటు పిల్ల తొంగి చూసినా చదవలేదని ఆ ఏర్పాటు. గరాజ్‌లో అమ్మ అట్టపెట్టెలో దాచుకున్న తెలుగు నవలల్ని ఒక్కొక్కటిగా నా గదిలోకి చేరవేసి చదివేశాను. ఆ పెట్టె నిండా ఇప్పటికీ నవలలే ఉన్నాయని అమ్మ అనుకుంటోంది. అందులో ఉన్నవి నా హైస్కూల్ కెమిస్ట్రీ నోట్సు.

మీటింగుల్లో పెద్దవాళ్ళు సగం తెలుగులో మాట్లాడతారు. ఎవరేం మాట్లాడారో రాసిపెట్టే మినిట్స్ మాత్రం ఇంగ్లీషులో ఉండాలి. ఆ రెంటికీ మధ్య నేను. "ఆ నల్లోళ్ళ ఏరియాకి ఎవడెళ్తాడండీ బాబూ" అని ఎవరైనా అంటే, "ప్రయాణ దూరం గురించి చర్చ జరిగింది" అని రాసేదాన్ని. దాన్ని అబద్ధమని అప్పుడు అనుకోలేదు. పెద్దవాళ్ళ పరువు కాపాడటం అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక డైరీలో మాత్రం ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు రాసుకునేదాన్ని. మాటలు వృథా పోతే నాకు బాధ, అంతే.

ప్రెసిడెంట్ అంకుల్ చెడ్డవారని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మూడు ఆదివారాలు గుడి పార్కింగ్ లాట్‌లో, నేను ఎన్నిసార్లు తప్పు పెడల్ తొక్కినా గొంతు పెంచలేదు. నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అమ్మతో ఆస్పత్రిలో కూర్చున్నారు. మూడుసార్లు వరసగా ఆయన్నే ప్రెసిడెంట్‌గా ఎన్నుకున్నారంటే ఊరికే కాదు.

ఇక ఆవిడ. ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆవిడ రాకముందు మా రైడ్స్ అన్నీ ఫోన్ గ్రూప్‌లో నడిచేవి. ఎవరో అడుగుతారు, ఎవరో బొటనవేలు బొమ్మ పెడతారు, ఆ వేలికి అర్థం "నేను వెళ్తాను" అనా, "ఎవరైనా వెళ్తే మంచిది" అనా ఎవరికీ తెలియదు. అలా ఒకసారి ఇద్దరు అంకుల్స్ ఒకరి మీద ఒకరు వదిలేసుకుని ఒక మామ్మగారిని కంటి ఆస్పత్రిలో మూడు గంటలు మర్చిపోయారు. క్లబ్‌లో చేరిన నెలకి ఈవిడ ఒక చెక్కపెట్టె తెచ్చారు. అందులో ప్రతి పెద్దమనిషికీ ఒక అట్టకార్డు. "ఎడమ చెవి వినపడదు." "మోకాలు వంగదు, స్టూలు పట్టుకెళ్ళు." "భార్య పోయి నెల. రేడియో పెట్టకు." ఎవరు తీసుకెళ్తున్నారో వాళ్ళ సంతకం వెనక. ఆ తర్వాత ఎవరినీ ఎక్కడా మర్చిపోలేదు.

నేను ఒకసారి ఆవిడ పక్కన కూర్చుని వెళ్ళాను. పేషెంటుని దింపాక కారు ఆపి, దిగి, వెనక తలుపు తీసి సీటు మీదా కిందా చూసి వచ్చారు. బస్సులో చివరి సీటు దాకా నడిచి, నిద్రపోయిన పిల్లలెవరైనా ఉండిపోయారేమో చూసే అలవాటట.

"కార్లో ఉన్నది నాలుగు సీట్లే కదా మ్యామ్," అన్నాను.

"నాలుగైనా చూడాల్సిందే బేబీ. బస్సులో ఉండిపోయేది ఎప్పుడూ అల్లరి పిల్లలు కాదు. చప్పుడు చేయని పిల్లలు."

నా వైపు చూసి అనలేదు. అయినా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

మన మామ్మల్ని తిప్పి తిప్పి ఆవిడకి కొన్ని తెలుగు మాటలు పట్టుబడ్డాయి. కూర్చోండి, మెల్లగా, బెల్టు, అయిపోయింది, ఇంటికి పోదాం. ఒక పిన్నిగారు నేర్పిన "అమ్మయ్య" కూడా వచ్చు. రెడ్ లైట్ పడకుండా దాటినప్పుడల్లా అనేవారు.

ఈ సంవత్సరం జనవరి మీటింగ్‌లో, ఊరి నుంచి తండ్రిని తెచ్చుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆయన లేచారు. వాళ్ళ నాన్నకి ప్రతి గురువారం ఫిజియోథెరపీ. తెలుగులోనే అన్నారు.

"మా నాన్నగారికి ఆవిణ్ణి పంపకండి సర్, ప్లీజ్. ఆయన కొత్తగా వచ్చారు. నల్లోళ్ళంటే భయపడతారు. బీపీ పేషెంట్."

ఆవిడ అక్కడే, రెండు కుర్చీల అవతల, కార్డుల అంచులు కత్తెరతో సరిచేస్తున్నారు.

"సరే సరే, దానికేముంది," అన్నారు ప్రెసిడెంట్ అంకుల్. "ఎవర్నీ నొప్పించొద్దు. వేరే వాళ్ళని పంపుదాం. అమ్మాయ్, షెడ్యూలింగ్ అని రాసేయ్."

రాసేశాను. "షెడ్యూలింగ్ ఇబ్బంది వల్ల గురువారం రైడ్‌కి డ్రైవర్ మార్పు." ఒక ఇల్లు దారి చూపిస్తే మిగతా ఇళ్ళు వెనక వచ్చాయి. మార్చి లోపల ఇంకో నాలుగు. ఐదు చోట్లా నా చేత్తో అదే మాట రాశాను.

మా మినిట్స్ ఎవరూ చదవరు. ఈమెయిల్లో పంపుతాను, తర్వాతి మీటింగ్‌లో అంకుల్ "కరెక్షన్స్ ఏమైనా ఉన్నాయా? లేవు. అప్రూవ్డ్" అని ఒక్క ఊపిరిలో అనేస్తారు. అందుకే నాకు తట్టనే లేదు, చదివే మనిషి ఒకరున్నారని. మార్చి మీటింగ్ అయిన వారానికి ఆవిడ నా దగ్గరికి వచ్చి సంతోషంగా చెప్పారు.

"గురువారాలు ఖాళీ చేసుకున్నాను బేబీ. నావల్ల షెడ్యూల్ పాడవుతోందని చదివాను. ఇక ఆ బెంగ లేదని రాసుకో."

గురువారం మధ్యాహ్నాలు ఆవిడ డర్హమ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్ళేవారు. అక్కడ వాళ్ళ అక్క ఉంటుంది. ఆ పూట అక్కకి భోజనం దగ్గరుండి తినిపిస్తారు. దాన్ని శనివారానికి మార్చుకున్నారట. "గురువారం నా పక్కన ఎవరు కూర్చుంటారని అలిగింది. ఎనభై ఏళ్ళ మనిషి, చంటిపిల్లలా," అని నవ్వారు.

నేను "ఓకే మ్యామ్" అన్నాను. అంతే అన్నాను. ఇంటికొచ్చి డైరీ తెరిచి, ఒక్క అక్షరం రాయకుండా మూసేశాను. పన్నెండేళ్ళలో అలా మూసిన రోజు అదొక్కటే.

ఏప్రిల్లో ప్రెసిడెంట్ పదవికి పేర్లు అడిగే రోజు. మా దగ్గర అది మొక్కుబడి. ఎవరింట్లోనో టిఫిన్ దగ్గర ముందే అనుకుంటారు, మీటింగ్‌లో చప్పట్లు కొడతారు. ఈసారీ అంకుల్ పేరు చదివి చప్పట్లకి చేతులెత్తుతుండగా మా అమ్మ లేచింది.

"ఇంకో పేరు రాయుండ్రి," అని ఆవిడ పేరు చెప్పింది. "మూడేండ్ల సంది బండ్లన్నీ ఆమెనే నడిపిస్తున్నది. కార్డులు ఆమెవి, తిప్పలు ఆమెవి. కుర్చీల మాత్రం మనం కూసుండుడేంది?"

ఎవరో ఒకరు బలపరచాలి. వెనక వరసలోంచి ఒక ముసలి తెల్లాయన చెయ్యెత్తాడు. ఆవిడ రాసిన కార్డుల్లో "మోకాలు వంగదు" అని ఉన్నది ఆయన గురించే.

ఆ రోజు టీ ఫ్లాస్కు దగ్గర మాటలు నాకు పూర్తిగా గుర్తున్నాయి.

"ఆవిడ మంచిదేనయ్యా, కాదనను," అన్నారు అంకుల్. "నాకేమీ లేదు. మనవాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"పైకి అలా ఎలా అంటాం సార్?" అన్నారు పక్కనున్న ఒకాయన.

"అనక్కర్లేదు. మినిట్స్ ఉన్నాయిగా. ఐదుసార్లు షెడ్యూలింగ్ ఇబ్బంది అని రికార్డులో ఉంది. టైమ్‌కి రాలేని మనిషి ప్రెసిడెంట్ ఎలా అవుతుంది? అమ్మాయ్, ఆ ఐదూ ఒక పేజీలో తీసి నాకు పంపు తల్లీ."

ఆయన్ని తప్పుపట్టలేను. బహుశా ఆయన కూడా అప్పటికి దాన్ని నమ్మేసి ఉంటారు. రాసిన మాటకి అలాంటి బలం ఉంది. పరువు కాపాడుతుందని నేను కట్టిన గోడ, ఇప్పుడు ఆవిడ మీదకి ఒరుగుతోంది. జీవితంలో ఒక్క రోజు ఆలస్యంగా రాని మనిషి, ఆలస్యం చేసే మనిషిగా ఓడిపోబోతోంది. రాసింది నేను.

ఆ పేజీ పంపలేదు. మర్చిపోయానని అబద్ధం చెప్పాను. ఆయన విసుక్కోకుండా తనే వెతికి తీసుకున్నారు. మే మీటింగ్‌కి ముందు వారమంతా లంచ్ టైమ్‌లో ల్యాబ్ పార్కింగ్‌లో కారులో కూర్చుని, డైరీ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మాటకీ సరైన ఇంగ్లీషు వెతికాను. తిట్టుని తిట్టులాగే రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చేయి దానంతటదే మెత్తని మాటల వైపు పోతుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి అయ్యాక అంతకు ముందు సంవత్సరంలోకి వెళ్ళాను. అక్కడ ఒక పేజీలో ఆగిపోవాల్సి వచ్చింది. "సాయంత్రం అటుపక్కకు పోరగాండ్లను పంపకుండ్రి, నల్లోళ్ళుంటరు" అని క్లబ్‌లో అన్న మనిషి పేరు దగ్గర "అమ్మ" అని ఉంది. నా మినిట్స్‌లో అది "సాయంత్రం రైడ్స్ తగ్గించాలని సూచన."

దాన్ని వదిలేద్దామా అని చాలాసేపు అనుకున్నాను. ఎత్తి రాసుకున్నాను.

ఆ ఆదివారం గదిలో ఎప్పుడూ లేనంత మంది. ఎన్నిక కాబట్టి కుర్చీలు సరిపోక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. అంకుల్ చేతిలో ఆ పేజీ మడత పెట్టి ఉంది. బల్లమీది గంట కొట్టి మొదలుపెట్టారు.

"పోయిన నెల మినిట్స్ చూశారుగా. కరెక్షన్స్ ఏమైనా ఉన్నాయా? లేవు. అప్రూ..."

"ఉన్నాయి అంకుల్," అన్నాను.

నాకే సరిగా వినపడలేదు. ఆయనకసలే వినపడలేదు. నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. ఆ చప్పుడుకి అందరూ తిరిగారు.

"ఉన్నాయి."

"స్పెల్లింగ్ మిస్టేకా?" అన్నారెవరో. కొందరు నవ్వారు.

ఇంగ్లీషులో చదివాను, అందరికీ తెలియాలని. "జనవరి, మూడో అంశం. నేను షెడ్యూలింగ్ ఇబ్బంది అని రాశాను. అది తప్పు. ఆ రోజు అన్న మాట ఇది." తెలుగు వాక్యం చదివి, దాని ఇంగ్లీషు చదివాను. "నల్లోళ్ళు అంటే నల్లవాళ్ళు. గౌరవంగా అనే మాట కాదు. ఆవిడ ఏ రోజూ రానని అనలేదు. ఆవిణ్ణి పంపొద్దని మనం అన్నాం." ఫిబ్రవరి చదివాను. మార్చి చదివాను. ఎవరి పేరూ చదవలేదు, మాటలే చదివాను. కానీ ఆ గదిలో ఎవరి మాట వాళ్ళకి తెలుసు. పోయిన సంవత్సరం వాక్యం చదువుతున్నప్పుడు మాత్రం ముందు వరసలో అమ్మ చెవి కమ్మ ఊగడం ఆగిపోయింది.

"అమ్మాయ్," అంకుల్ మెల్లగా తెలుగులో అన్నారు, "ఇవన్నీ ఇప్పుడెందుకు తల్లీ? మనలో మనం మాట్లాడుకుందాం. కూర్చో."

"కూసోదన్నా," అని అమ్మ లేచింది. "గా ఆఖరిది నాదే. నేనే అన్న. పోరగాండ్లను పంపకుండ్రని అన్న. ఇంట్ల గూడ అంట. నా బిడ్డ రాసుకున్నది, మంచిగ చేసింది." తర్వాత ఆవిడ వైపు తిరిగి, తనకొచ్చిన ఇంగ్లీషులో, "ఐ సెడ్ దట్ వర్డ్. నాట్ వన్ టైమ్. మెనీ టైమ్స్. సారీ," అంది. మా అమ్మ నాకు తెలిసి ఎవరికీ సారీ చెప్పలేదు, నాన్నకి కూడా.

ఆవిడ చెయ్యెత్తారు. మాట్లాడాలంటే చెయ్యెత్తాలని మా రూలు. దాన్ని పాటించే మనిషి కూడా ఆవిడొక్కరే.

"నాకో సందేహం తీరింది," అన్నారు. "ఆ మాటకి అర్థం ప్లంబర్లు అని నాకెవరో చెప్పారు. ఈ క్లబ్‌కి ప్లంబర్లంటే ఎందుకింత భయమో రెండేళ్ళుగా అర్థం కాక చచ్చాను. ఒకసారి మా ప్లంబర్ని అడిగాను కూడా, నువ్వేమైనా చేశావా అని."

ముందు అమ్మే నవ్వింది, ఆపుకోలేక. నల్లా ఎవరి ఇంటి మాటో ఆమెకి తెలుసు. తర్వాత వెనక వరస, తర్వాత సగం గది. ఆ నవ్వు ఎంత పెద్దగా వచ్చిందో అంత తొందరగా ఆగిపోయింది.

"ఎవరు చెప్పారండీ అలా?" అన్నారు అంకుల్.

"గుర్తులేదు," అన్నారు ఆవిడ. నా వైపు చూడలేదు. ఆ అర్థాన్ని ఆవిడ ఒక్క రోజైనా నమ్మారో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

తర్వాత ఆవిడ ఆ సాఫ్ట్‌వేర్ ఆయన వైపు తిరిగారు. కోపంగా కాదు, స్కూల్ బస్సు అద్దంలోంచి చూసినట్టు.

"మీ నాన్నగారికి నేనంటే భయమని ఆయన చెప్పారా? మీరనుకున్నారా?"

ఆయన నేల చూశాడు. "అనుకున్నాను," అన్నాడు.

మినిట్స్ సవరణకి ఓటు పెట్టారు. కుర్చీ పడగొట్టుకుని నేను చెప్పిన మొదటి కరెక్షన్‌ని చేతులెత్తి ఆమోదించారు. ఆ తర్వాత చీటీలు పంచారు. అంకుల్ తన చేతిలోని పేజీని తెరవలేదు. ఇంకో మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆ పేజీలో ఇక ఒక్క మాటా నిజం కాదు కదా. చీటీలు లెక్కపెడుతున్నంతసేపూ ఆవిడ కత్తెరతో కార్డులు సరిచేస్తూనే ఉన్నారు.

నాలుగు ఓట్ల తేడాతో ఆవిడ గెలిచారు.

చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. వంగని మోకాలాయన కర్రతో నేలమీద కొట్టడం తెలుసు. అమ్మ ఈల వేసింది. అమ్మకి ఈల వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. అంకుల్ ముఖం ఎర్రగా అయిపోయింది. అయినా బల్లమీది గంట తీసి, రెండు చేతులతో ఆవిడకి ఇచ్చారు. "కంగ్రాచ్యులేషన్స్ మేడమ్," అన్నారు. ఆ రెండు చేతుల్నీ నేను మర్చిపోను. ఒక చేత్తో ఇచ్చి ఉండవచ్చు.

ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు. గంట ఒకసారి కొట్టి చూశారు. "మన రూలు ఇక ఒకటే," అన్నారు. "వచ్చిన బండి ఎక్కాలి. డ్రైవర్ రంగు నచ్చకపోతే నడిచి వెళ్ళొచ్చు. ఇప్పుడు గురువారం కార్డులు తీయండి, ఎవరెవరు ఖాళీ? నేను మధ్యాహ్నం ఖాళీ లేను. మా అక్క దగ్గరికి వెళ్ళాలి. పొద్దున పూట నాది."

కారులో ఇంటికి వెళ్తుంటే అమ్మ అడిగింది.

"గా పుస్తకంల నా గురించి ఇంకేమేం రాసినవే?"

"చాలా ఉంది అమ్మా."

"మంచియి గూడ ఉన్నయా?"

"ఉన్నాయి."

"గట్లయితే సరే," అని రేడియో పెట్టుకుంది.

అంకుల్ మూడు వారాలు నాతో మాట్లాడలేదు. గుడిలో కనిపిస్తే పక్కకి చూసేవారు. అది నొప్పించింది, నొప్పించలేదని రాయను. జూన్‌లో కొత్త ప్రెసిడెంట్ డ్రైవర్లందరికీ మళ్ళీ ట్రైనింగ్ పెట్టారు, ఎవరికీ మినహాయింపు లేదు. అంకుల్ వచ్చారు. కారు ఆపి, దిగి, వెనక తలుపు తీసి, ఖాళీ సీటుని వంగి చూశారు. "కిందా చూడండి సర్," అన్నారు ఆవిడ. ఆయన ఇంకా వంగి చూశారు. లేచేటప్పుడు నడుం పట్టుకుని నన్ను చూసి, "ఏమ్మా, ఇది కూడా రాసుకుంటావా?" అన్నారు. రాసుకుంటానన్నాను. నవ్వారు.

ఈసారి వైస్ ప్రెసిడెంట్ ఒక మెక్సికన్ నర్సు. రైడ్స్ కోసం వచ్చే పెద్దవాళ్ళు ఇద్దరు ఇప్పుడు కమిటీలో ఉన్నారు, ఫోన్లు వాళ్ళే ఎత్తుతారు. నేను సెక్రటరీగానే ఉన్నాను, ఈసారి నేనే కోరి. మినిట్స్ ఇప్పుడు అందరూ చదువుతారు. భయంతో కొంత, సరదాతో కొంత.

జూన్ చివరి గురువారం ఆ సాఫ్ట్‌వేర్ ఆయన ఇంటికి ఆవిడే వెళ్ళారు. ఆయనే ఫోన్ చేసి అడిగాడు. తాతగారికి ఇంగ్లీషు రాదని, ఆవిడకి తెలుగు అయిదారు మాటలని, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టారు. అవసరమైతే అటుదిటూ ఇటుదటూ చెప్పడానికి. ఆయన నిజంగానే భయపడితే ఏం చెప్పాలో, దాన్ని ఏ ఇంగ్లీషులో చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను.

తాతగారు గళ్ళ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆవిడ దిగి తలుపు తీసి, స్టూలు వేసి, "కూర్చోండి. మెల్లగా," అన్నారు.

"ఓర్నీ, తెలుగే!" అన్నారు తాతగారు. కూర్చున్నారు. బెల్టు క్లిక్‌మన్నాక గాని కారు కదల్లేదు. రెండు మలుపులు తిరిగే దాకా ఆయన ఆవిడ కాళ్ళ వైపు, చేతుల వైపు చూస్తూ ఉన్నారు. ఇదే భయమేమో అనుకున్నాను.

"అమ్మాయ్," అన్నారు నాతో, తల తిప్పకుండానే, "ఈవిడ పెద్ద బండి నడిపిన మనిషేనా?"

"అవును తాతగారూ. స్కూల్ బస్సు. ముప్ఫై ఏళ్ళు. మీకెలా తెలుసు?"

"మలుపు చూడు, ఎంత వెడల్పు తీసుకుంటోందో. వెనక ఇంకో ముప్ఫై అడుగులుందన్నట్టు. నేనూ అంతే, ఆటో తోలినా అంతే." గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఆర్టీసీ. ఇరవై ఎనిమిదేళ్ళు. ఘాట్ రోడ్డు."

అది చెబుదామని నోరు తెరిచేలోగా ఆయనే రెండు చేతులతో గాలిలో పెద్ద స్టీరింగ్ పట్టుకుని తిప్పి, గేరు లాగి, ఒంటివేలితో తనని తాను చూపించుకున్నారు. ఆవిడ రెడ్ లైట్ దగ్గర ఆగి ఆయన్ని చూశారు. "నో!" అన్నారు. "యు? బస్?" ఆయన హారన్ మోగించినట్టు నోటితో చప్పుడు చేశారు. ఆవిడ దానికి తన బస్సు తలుపు మూసుకునే చప్పుడు చేసి చూపించారు. ఆయన బ్రేకు ఫెయిలైన కథ మొదలుపెట్టారు, మొత్తం తెలుగులో, చేతులతో. ఆవిడ మంచులో జారిన కథ చెప్పారు, మొత్తం ఇంగ్లీషులో, చేతులతో. ఇద్దరూ సరిగ్గా చోటు చూసుకుని నవ్వారు. నేను వెనక సీట్లో, మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కటీ వాడకుండా కూర్చున్నాను. అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

తిరిగి వచ్చాక స్టూలు మీద కాలు పెడుతూ, తాతగారు నా వైపు వంగి, ఆవిడకి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి అన్నారు.

"వచ్చే వారం నువ్వు రానక్కర్లేదమ్మా. మాకు సరిపోతుంది."